ఇంజిన్ సరే, బండి కింద ఏముంది?

అమెరికాలోని బఫెలో నుంచి ఒక తమ్ముడు రాశాడు. సొంతూరు తాడిపత్రి. ఉత్తరం పొడుగ్గా ఉంది, అసలు సంగతి మటుకు ఇది:

"అన్నా, రెండేళ్ళ కిందట ఇక్కడ ఒక సీనియర్ దగ్గర 2008 మోడల్ సుబారు ఇంప్రెజా డబ్ల్యూఆర్ఎక్స్ సెడాన్ 5,200 డాలర్లకు కొన్నాను. ఇప్పటికి లక్షా 38 వేల మైళ్ళు తిరిగింది. ఇంజిన్ సూపర్‌గా ఉంది, మూడో గేరులో వచ్చే ఆ లాగుడంటే నాకు ప్రాణం. మొన్న ఇన్‌స్పెక్షన్‌కి తీసుకెళ్తే కింద తుప్పు పట్టిందన్నారు. బ్రేకు పైపులకు 850, సైలెన్సర్ పైపుకు 550, వెనక చక్రాల పైన రేకుకు 1,200, మొత్తం 2,600 డాలర్లు చెప్పారు. రూమ్మేట్లేమో అమ్మేసి లోన్ మీద కొత్త కారు తీసుకోమంటున్నారు. మా నాయన ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యారు, ఇంజిన్ బాగున్న బండిని అమ్ముకోవద్దు అంటారు. నవంబర్ వస్తే మళ్ళీ మంచు మొదలు. ఉంచుకోవాలా, అమ్మాలా? ఉంచుకుంటే ఏం చేయాలి?"

తమ్ముడూ, ముందు మీ నాయన మాట గురించి చెప్తాను. ఆయన చెప్పింది తాడిపత్రికి నూటికి నూరుపాళ్ళు నిజం. మన దగ్గర ఏడాది పొడుగునా పడే వాన మొత్తం కలిపినా 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కలే, బండి కింద తడి అనేది నిలవదు. అనంతపురంలో మా వీధి చివర 1980ల నాటి అంబాసిడర్ ఒకటుంది, పోయిన నెల ఆ ఇంటాయన సైలెన్సర్ చూడమంటే గోనెసంచి పరుచుకుని దాని కింద దూరాను. ఎర్ర దుమ్ము బెత్తెడు మందాన పట్టి ఉంది, చేత్తో తుడిస్తే లోపల కంపెనీ వేసిన రంగు అక్కడక్కడా ఇంకా అలాగే ఉంది. మన ఎండకు పోయేవి వేరే, బ్యాటరీ పోతుంది, రబ్బరు పగులుతుంది, రేడియేటర్ పీకుతుంది. రేకు పోదు. అందుకే మన మెకానిక్కులు బండి రాగానే ముందు బానెట్ ఎత్తుతారు. బఫెలోలో ముందు బండినే ఎత్తాలి.

ఇది నేను చేతులు కాల్చుకుని తెలుసుకున్న విషయం. డెట్రాయిట్ దగ్గర పదకొండేళ్ళు ఉన్నాను, నాదీ నీలాంటి బండే, చిన్న సెడాన్, చేతి గేర్లు, వయసు మళ్ళినా ఇంజిన్ తేనెలా తిరిగేది. నాలుగో చలికాలం సంక్రాంతి టైంలో క్లచ్, టైమింగ్ బెల్టు (ఇంజిన్ లోపల వాల్వులనూ పిస్టన్లనూ ఒక లయలో తిప్పే పట్టీ) రెండూ మార్పించి ఇంక ఐదేళ్ళు చూసుకోనక్కర్లేదు అనుకున్నాను. మార్చిలో ఒక సాయంత్రం సిగ్నల్ దగ్గర బ్రేకు తొక్కితే పెడల్ మెత్తగా కిందికి వెళ్ళిపోయి ఫ్లోర్‌కి తగిలింది. బ్రేకులకు రెండు సర్క్యూట్లు ఉంటాయి కాబట్టి సగం బ్రేకు మిగిలింది, రెండోసారి గట్టిగా తొక్కితే ముందు కారుకు జానెడు దూరంలో ఆగింది. పెట్రోల్ ట్యాంకు పైన, ఎవరికీ కనపడని చోట వెనక బ్రేకు పైపు తుప్పు తిని చిల్లి పడింది. గ్యారేజీలో ఆయన బండి పైకెత్తి, నా చేతికి స్క్రూ డ్రైవర్ ఇచ్చి డోరు కింద ఉండే రేకును పొడవమన్నాడు. తడిసిన అట్టముక్కలోకి దిగినట్టు పిడి దాకా దిగిపోయింది. రెండు నెలల ముందు అంత డబ్బు పోసి ఇంజిన్ బాగు చేయించినప్పుడు కిందికి ఒక్కసారి కూడా చూడలేదు. ఆ బండి తుక్కుకు పోయింది, ఇంజిన్ మాత్రం ఆ రోజుకీ ఒక్క సెల్ఫ్‌కే అందుకునేది.

ఉప్పు వల్ల ఇదంతా. కుల్ఫీ బండి ఆయన ఐసులో ఉప్పు వేయడం చూసే ఉంటావు, ఉప్పు తగిలితే నీళ్ళు సున్నా డిగ్రీల దగ్గర గడ్డకట్టవు, అదే సూత్రంతో అక్కడ రోడ్ల మీద టన్నులకు టన్నులు చల్లుతారు. డెట్రాయిట్ నగరం కిందే వెయ్యి అడుగులకు పైగా లోతులో ఉప్పు గని ఉంది, అక్కడ తవ్వేది ఎక్కువగా రోడ్ల మీద పోయడానికే. మామూలు ఉప్పు మైనస్ 9 డిగ్రీల దాకా బాగా పనిచేస్తుంది, అంతకంటే చలి ముదిరితే కాల్షియం క్లోరైడ్, మెగ్నీషియం క్లోరైడ్ కలుపుతారు. ఇవి ఇంకా మొండివి, గాలిలో తేమను లాక్కుంటాయి కాబట్టి రోడ్డు ఎండినట్టు కనిపించినా బండి కింద జిగటగా తడి ఉంటూనే ఉంటుంది. ఏడాదికి సగటున 240 సెంటీమీటర్ల దాకా మంచు పడే ఊర్లో, ఈరీ సరస్సు పక్కన, పదిహేనేళ్ళు దాటిన బండి ఎన్ని చలికాలాలు ఈ ఉప్పునీళ్ళలో నానిందో లెక్కేసుకో.

కాబట్టి అమ్మాలా వద్దా అన్నది ఇంజిన్ చెప్పదు, నీ దగ్గరున్న ఎస్టిమేట్ కూడా చెప్పలేదు. ఆ మూడు పనుల కాగితంలో అసలు చూడాల్సిన చోట్ల ఊసే లేదు. ఇంకో మెకానిక్ దగ్గరికి వెళ్ళు, రిపేరు చేయడానికి కాదు, చూడ్డానికే డబ్బులిస్తానని ముందే చెప్పి లిఫ్ట్ మీద ఎక్కించు. వెనక సబ్‌ఫ్రేమ్ అని ఉంటుంది, వెనక సస్పెన్షన్ చేతులన్నీ దానికి బిగించి ఉంటాయి, ఆ ఇనప చట్రం బాడీకి కలిసే బోల్టుల చుట్టూ చూడాలి. డోర్ల కింద ముందు చక్రం నుంచి వెనక చక్రం దాకా పోయే బోలు రేకు, జాకీ పెట్టే చోటు, షాక్ అబ్జార్బర్ల పైభాగం బాడీకి బిగించిన చోటు, కాళ్ళ కింది ఫ్లోరు, ఇవన్నీ చూడాలి. చిన్న సుత్తి పెట్టి తట్టి చూడు, సంతలో కుండ కొనేటప్పుడు వేలితో కొట్టి చూస్తాం చూడు, అట్లాగే. టంగుమని మోగితే లోపల ఇనుము ఉన్నట్టే, పైన ఎర్రగా పొడి పొడిగా ఉన్నా భయం లేదు, వైరు బ్రష్షుతో రుద్దితే మెరుపు కనిపిస్తుంది. డొల్లగా డబ్‌మని వినిపించినా, పొరలు పొరలుగా పెచ్చులూడి వచ్చినా ఆ చోటు పోయినట్టే.

సస్పెన్షన్ బిగించే చోట్లలో చిల్లులుంటే ఆ బండి మీద ఒక్క డాలరు కూడా పెట్టొద్దు, మంచు పడక ముందే అమ్మేయి, కొనేవాడికి ఉన్నదున్నట్టు చెప్పి అమ్ము. ఇంజిన్, గేర్‌బాక్స్ కోసం కొనేవాళ్ళు ఈ మోడల్‌కు బాగానే ఉంటారు. ఆ చోట్లన్నీ గట్టిగా ఉంటే మటుకు ఉంచుకో, ఇష్టమైన బండి, లోను లేని బండి, అట్లాంటిది వదులుకోవడం నాకైతే ఇష్టం లేదు.

గట్టిగానే ఉందనుకుందాం. బ్రేకు పైపులు మొదటి పని, ఇన్‌స్పెక్షన్ కోసం కాకున్నా ఈ వారమే చేయించు. పోయిన ముక్క వరకే కోసి అతికిస్తాం అంటే ఒప్పుకోవద్దు, ఒక చోట పోయిందంటే మిగతాదీ అదే వయసు, అదే ఉప్పు తిన్నది. రాగి, నికెల్ కలిపిన పైపులు దొరుకుతాయి, అవి తుప్పు పట్టవు, వంచడమూ సులువు, వాటితోనే మొత్తం లైను వేయమని అడుగు. ఆ తర్వాత సైలెన్సర్. శబ్దం ఎక్కువైతే స్పోర్ట్స్ బండికి అందమే కదా అనుకునే వయసు నీది, కానీ చలికాలం అద్దాలన్నీ మూసి హీటరు వేసుకుని కూర్చుంటావు, కింద లీకైన పొగ లోపలికి వస్తే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ లేదు, వాసనా లేదు.

వెనక చక్రాల పైన రేకు సంగతి చివర. 1,200 డాలర్లు అక్కడ పెట్టొద్దని నా మాట. బయటికి బుడగలు కనిపిస్తున్నాయంటే తుప్పు లోపల మొదలై బయటికొచ్చిందని అర్థం, చాలా చోట్ల చేసేది పైన గీకి లప్పం పెట్టి రంగు కొట్టడమే, రెండు చలికాలాల్లో మళ్ళీ అదే బుడగ. కుళ్ళిన ముక్క కోసేసి కొత్త రేకు వెల్డింగ్ చేసి, లోపలి వైపు కూడా ఆయిల్ కొట్టేవాళ్ళు దొరికితే అప్పుడు చూద్దాం. అది అందం పని, ఒక ఏడాది ఆగినా కొంప మునగదు. లోపలి రేకు దాకా తిన్నదా అన్నది లిఫ్ట్ మీదున్నప్పుడే చూపించుకో.

ఆ 1,200తో చేయాల్సింది వేరే ఉంది. టైమింగ్ బెల్టు మార్చిన బిల్లు ఆ సీనియర్ ఇచ్చాడా? నీ ఇంజిన్‌కు లక్షా 5 వేల మైళ్ళకు గానీ 105 నెలలకు గానీ, ఏది ముందైతే అప్పుడు మార్చాలి. రెండూ ఎప్పుడో దాటాయి. బిల్లు లేదంటే మార్చలేదనే అనుకోవాలి, "మార్చినట్టే గుర్తు" అన్న మాట నమ్మకు. ఆ బెల్టు తెగితే వాల్వులు పోయి పిస్టన్లకు తగులుతాయి, ఇంజిన్ పాడవుతుంది, మీ నాయనకు ఈ ఒక్క ముక్క చెప్పు, మిగతాది ఆయనే నీకు చెప్తారు. బెల్టుతో పాటు వాటర్ పంపు, బెల్టును బిగువుగా ఉంచి నడిపించే టెన్షనర్, ఐడ్లర్ పుల్లీలు ఒకేసారి మార్పించు, వాటి కోసం మళ్ళీ అంతా విప్పడం దండగ. కిందంతా గట్టిగా ఉందని తేలాకే ఈ పని, నేను చేసినట్టు తలకిందులుగా చేయొద్దు. ఇంకోటి, టర్బో (పొగ ఒత్తిడితో తిరిగి ఇంజిన్‌లోకి ఎక్కువ గాలి నెట్టే పంకా) ఉన్న బండికి ఆయిల్ తగ్గకూడదు, రెండుసార్లు పెట్రోల్ పోయిస్తే ఒకసారి ఆయిల్ మట్టం చూసే డిప్‌స్టిక్ తీసి చూడు.

తుప్పు ఆపడం సంగతి. ఉన్న తుప్పును వెనక్కి తిప్పలేం, వేగం తగ్గించగలం, అది చాలు. సెప్టెంబర్ చివర్లో, అక్టోబర్ మొదట్లో, బండి కింద బాగా కడిగించి, రెండు మూడు రోజులు ఎండనిచ్చి, లానోలిన్ గానీ ఆయిల్ గానీ స్ప్రే చేయించు. లానోలిన్ అంటే ఏదో మందు కాదు, మన కురుబోళ్ళు గొర్రెలకు ఉన్ని కత్తిరిస్తుంటే పక్కన నిలబడి పట్టుకుంటే చేతులకు జిడ్డు అంటుతుంది చూడు, సబ్బు పెట్టినా ఒక పట్టాన పోదు, అదే. గొర్రెను వానలో తడవనివ్వనిది అక్కడ ఇనుమును తడవనివ్వదు. అది ఆరిపోయి గట్టిపడదు, మెత్తగా జిడ్డుగా ఉండి పగుళ్ళలోకి పాకుతుంది, ఏటేటా కొట్టించాలి. బోలుగా ఉండే రేకుల లోపలికీ, డోర్ల లోపలికీ గొట్టం పెట్టి కొట్టమను. బ్రేకు డిస్కుల మీద, సైలెన్సర్ మీద పడనివ్వొద్దు. నల్లగా రబ్బరులా గట్టిపడే కోటింగ్ వేస్తాం అని ఎవరైనా అంటే పాత బండికి వద్దు, దాని కింద తుప్పు దాక్కుంటుంది, తడి లోపలే ఇరుక్కుంటుంది, పైకి నున్నగా కనిపిస్తూ లోపల తినేస్తుంది.

చలికాలంలో ఎండ కాసి సున్నాకు నాలుగైదు డిగ్రీలు పైకెక్కిన రోజు దొరికినప్పుడల్లా, పది పదిహేను రోజులకొకసారి అయినా, కింద నీళ్ళు కొట్టే కార్ వాష్‌కు తీసుకెళ్ళు. పైన మెరవకపోయినా పర్వాలేదు, చక్రాల పైన గూడులో పేరుకున్న బురద పోవాలి. డోర్ల అడుగున నీళ్ళు కారే చిన్న చిల్లులుంటాయి, అవి మూసుకుపోతే నీళ్ళు లోపలే నిలిచి రేకును తింటాయి, పుల్ల పెట్టి గుచ్చి తెరువు. చాలామంది ఏప్రిల్‌లో మంచు పోయింది కదా అని వదిలేస్తారు, అన్నిటికంటే ముఖ్యమైన వాషింగ్ అదే. గడ్డకట్టే చలిలో తుప్పు నెమ్మదిగా పాకుతుంది, వెచ్చబడ్డాక పరుగెత్తుతుంది. ఎవరైనా ఫ్రెండు హీటరున్న గ్యారేజీలో పెట్టుకోమన్నా ఉప్పుతో తడిసిన బండిని కడక్కుండా అందులో పెట్టొద్దు, రోజూ మంచు కరిగి తడి, వెచ్చదనం రెండూ దొరికితే తుప్పుకు అంతకంటే ఏం కావాలి.

టైర్ల గురించి నువ్వు ఒక్క మాట రాయలేదు, అది నాకు భయం పుట్టించింది. నాలుగు చక్రాలూ లాగే బండి కదా అన్న ధైర్యంతో ఈ రెండు చలికాలాలూ దాటేశావేమో. నాలుగు చక్రాల లాగుడు బండి కదలడానికి సాయం చేస్తుంది, ఆగడానికి చేయదు. ఆగేటప్పుడు నీ బండీ, పక్కవాడి మామూలు బండీ ఒకటే, రోడ్డును పట్టుకునేది అరచేయంత రబ్బరు ముక్కలు నాలుగు. ఎండాకాలం స్పోర్ట్స్ టైర్ల రబ్బరు సుమారు 7 డిగ్రీల కిందికి వస్తే గట్టిపడి పట్టు వదిలేస్తుంది, మంచు లేకపోయినా సరే. పక్కన మూడు శిఖరాల కొండ, దాని లోపల మంచు రేకు గుర్తు ఉన్న చలికాలం టైర్లు నాలుగూ వేయించు, రెండు వేసి రెండు వదిలేస్తే మలుపులో వెనక భాగం జారి తిరుగుతుంది. నీ బండిలో నాలుగు టైర్లూ ఒకే రకం, ఒకే అరుగుదల ఉండాలి, లేకపోతే ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ శక్తి పంచే మధ్య డిఫరెన్షియల్ రోజంతా పోరాడుతూ వేడెక్కి అరిగిపోతుంది. ఇప్పుడున్నవాటికంటే ఒక అంగుళం చిన్న ఇనప రిమ్ములు, బ్రేకులకు తగలకుండా పట్టేవి, పాతవి చూసుకుని చలికాలం టైర్లు వాటికే బిగించి ఉంచుకుంటే ఏటా మార్చే ఖర్చు తగ్గుతుంది. టైరు పక్కగోడ కాస్త ఎత్తుంటే మార్చి నెల గుంతల్లో రిమ్ము వంగదు. చలి పెరిగే కొద్దీ టైర్లలో గాలి ఒత్తిడి తగ్గుతుంది, ఐదారు డిగ్రీలు పడిపోతే ఒక పీఎస్ఐ (ఆ ఒత్తిడి కొలత) లెక్కన, నెలకు రెండుసార్లు చూసుకో.

పొద్దున స్టార్ట్ చేసి పది నిమిషాలు అట్లా వదిలేయమని మీ నాయన చెప్పి ఉంటారు, పాత డీజిల్ బస్సులకు అది అలవాటు. నీ బండికి అక్కర్లేదు. ఆయిల్ పైకెక్కడానికి ఒక నిమిషం చాలు, తర్వాత మెల్లగా కదిలించి, ఉష్ణోగ్రత ముల్లు మధ్యకు వచ్చేదాకా టర్బోను లేపొద్దు. ఊరికే నిలబెట్టి తిప్పితే చల్లటి సిలిండర్లలో మండని పెట్రోల్ ఆయిల్‌లో కలిసి దాన్ని పలచన చేస్తుంది. అద్దాల మీద మంచు మటుకు పూర్తిగా గీకి తీసి, కనపడితేనే కదులు. వేడినీళ్ళు పోయొద్దు, అద్దం పగులుతుంది. బ్యాటరీ మైనస్ 18లో దాదాపు సగం శక్తే ఇస్తుంది, నాలుగేళ్ళు దాటినదైతే అక్టోబర్‌లోనే టెస్ట్ చేయించు. కూలెంట్, నీళ్ళు సగం సగం కలిపి ఉంటే మైనస్ 37 దాకా గడ్డకట్టదు, మన దగ్గర పోసినట్టు ఉట్టి నీళ్ళే పోయకు, ఇంజిన్ బ్లాకే పగిలిపోతుంది. కార్ వాష్ నుంచి వచ్చి రాత్రి చలిలో పెట్టేటప్పుడు హ్యాండ్ బ్రేకు లాగకుండా సమతలంలో గేరులో వదిలేయి, కేబుల్ గడ్డకడితే పొద్దున చక్రం తిరగదు.

డిక్కీలో పార, ఇసుక మూట, టార్చి, ఒక కంబళి ఉండాలి, ఇంట్లో అమ్మ ఇచ్చింది ఉంటే అదే వేయి. పెట్రోల్ సగం ట్యాంకు కిందికి రానివ్వకు. 2022 డిసెంబర్ తుఫానులో మీ ఊర్లో, చుట్టుపక్కల 40 మందికి పైగా చనిపోయారు, కార్లలో ఇరుక్కుపోయినవాళ్ళు కూడా ఉన్నారు. ప్రయాణాలు వద్దని ప్రకటిస్తే ఎంత మంచి టైర్లున్నా ఇంట్లో కూర్చో. ఎప్పుడైనా ఇరుక్కుంటే బండి వదిలి నడవొద్దు, ముందు సైలెన్సర్ గొట్టం చుట్టూ మంచు తీసెయ్, తర్వాతే ఇంజిన్ వేయి, గంటకు పది నిమిషాలు వేసి ఆపు, ఒక అద్దం వేలెడు తెరిచి ఉంచు.

లోను మాటకొస్తే, కింద కుళ్ళిపోయిందని తేలినా కొత్త కారుకే వెళ్ళాలని ఏం లేదు. ఉప్పు చల్లని దక్షిణ రాష్ట్రాల్లో తిరిగిన పాత బండి వెతుక్కో, పదేళ్ళదైనా కింద శుభ్రంగా ఉంటుంది, ఎండకు రంగు వెలిసి ఉంటుంది అంతే, మన అంబాసిడర్ లాగా.

లిఫ్ట్ ఎక్కించే రోజు పొద్దున పదింటికి పెట్టుకో, ఇప్పుడైతే తాడిపత్రిలో రాత్రి ఏడున్నర అవుతుంది, మీ నాయన భోజనానికి ముందు ఖాళీగా ఉంటారు. వీడియో కాల్ చేసి ఫోను టార్చి వేసి వెనక నుంచి ముందుకు మెల్లగా తిప్పు, సుత్తి తట్టేటప్పుడు ఫోను దగ్గర పెట్టు. ఇన్నేళ్ళు బస్సుల కింద పడుకుని పనిచేసిన మనిషి, ఏ శబ్దం గట్టిదో, ఏది డొల్లదో నాకంటే ఆయనకే బాగా తెలుస్తుంది. ఆయన ఏమన్నారో నాకు రాయి, ఫోటోలు కూడా పంపు.